బావి మీద హాలు

మా ఘనపూర్ పాత బంగ్లాకు హాలు పెంచుదామన్నది నేనే. మా ఆయన మండలంలో నలుగురికీ కావాల్సిన మనిషి. వచ్చినవాళ్లను ఇరుకు వరండాలో కూర్చోబెట్టడం నాకు తలవంపులుగా ఉండేది. పెద్ద హాలుంటే దావత్‌లు చేసుకోవచ్చు, రేపు అమ్ముకున్నా మంచి ధర పలుకుతుందని చెవినిల్లు కట్టుకుని పోరాను.

హాలుకు జాగా కావాలంటే పెరట్లో బావి పూడ్చాలి. ఒకప్పుడు వాడకట్టు మొత్తం తాగిన నీళ్లు. నల్లా వచ్చాక బావి ఎవరికి కావాలి అనుకున్నాను. పూడ్చొద్దని ఆయన ఒక్కసారి అన్నాడు. నేను విన్నానా? కూల్చిన వంటింటి గోడ, పెంకులు, మట్టి అన్నీ అందులోనే పోయించాను.

"ఒక్క వానకాలం ఆగుండ్రి అమ్మా, మట్టి దిగాలె," అన్నాడు మేస్త్రి.

దసరా దావత్ కొత్త హాల్లోనే అని మా వదినలకు అప్పటికే గొప్పగా చెప్పేశాను. ఆగలేదు.

మరుసటి ఏడాదే ఆయన కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్‌కు వారానికి మూడుసార్లు హనుమకొండ పోవాలి. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయన తల నా భుజం మీద వాలిపోతుంది. ఇల్లు అమ్మి దవాఖాన దగ్గర రెండు గదులు కొనుక్కుంటే ఆ తిరుగుడు తప్పుతుంది. నాకు ఇంకో కోరిక లేదు.

అప్పటికే హాలు నడుమ టైల్స్ గుండ్రంగా కుంగాయి. రెండుసార్లు మొరం పోయించి కొత్తవి వేయించాను. మళ్లీ కుంగాయి. చివరికి పైన తివాచీ పరిచాను.

మొన్న కాటారం నుంచి ఒకాయన వాళ్లవ్వను వెంటబెట్టుకుని ఇల్లు చూడటానికి వచ్చాడు. గదులన్నీ నచ్చాయన్నాడు. నాలో కొంచెం ఆశ పుట్టింది. అవ్వ హాల్లో కూర్చుని చాయ్ తాగుతూ చుట్టూ చూసింది.

"మా తల్లిగారూరు గిదే బిడ్డా. గీడ బాయి ఉండాలె గదా? నాట్లేసొచ్చి గా నీళ్లే తాగేటోళ్లం."

కాటారం ఆయన లేచి తివాచీ అంచు ఎత్తి చూశాడు. "ఫోన్ చేస్తం అక్కా," అని వెళ్లిపోయారు. చేయరని నాకు తెలుసు.

మా ఆయన ఈ విషయంలో నన్ను ఇంతవరకు ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. డయాలసిస్‌కు బయల్దేరినప్పుడు తన గదిలోంచి హాలు దాటి రావాలి. తివాచీ తొక్కకుండా, గోడ పట్టుకుని, చుట్టూ తిరిగి మెల్లగా వస్తాడు. ఆయన చెప్పులు పట్టుకుని నేను గుమ్మం దగ్గర నిలబడతాను.