చెవిని అందుకున్న చెయ్యి

మొన్న ఆదివారం పేపరు మడతలోంచి ఒక రంగుల కరపత్రం జారి నా ఒళ్ళో పడింది. నగరంలోని పాత కట్టడాలూ, ఆయుధాల మ్యూజియమూ చూపిస్తూ పొద్దున్నే నడిపిస్తారట. ఎత్తుపల్లాలు లేవు, ఎక్కువ దూరమూ కాదు, తేలికపాటి నడక, ఏ వయసువారైనా రావచ్చు అని రాశారు. నా మోకాళ్ళు చూసిన వాళ్ళెవరూ నన్ను నడకకు పిలవరనుకోండి. కానీ ఆ చివరి మాట, ఏ వయసువారైనా రావచ్చు అన్నది, యాభై ఏళ్ళ కిందట ఎవరైనా మా అన్నయ్యతో అని ఉంటే ఎంత బాగుండేదో కదా అనిపించి, ఆ కాగితం పారేయబుద్ధి కాక బియ్యం డబ్బా మూత కింద దాచాను.

మేం చిక్కడపల్లిలో కిరాయికి ఉండేవాళ్ళం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక నాన్నకు హైదరాబాదు బదిలీ అయితే తెనాలి నుంచి ట్రంకుపెట్టెలతో దిగిన సంసారం మాది. ఇల్లుగలావిడ ఇక్కడి మనిషే, తరతరాలుగా ఈ ఊరివాళ్ళు. ఆవిడను నేనూ అన్నయ్యా పెద్దమ్మా అనేవాళ్ళం. అన్నయ్యకు ఇరవై, నాకు పదహారు. పదహారేళ్ళ ఆడపిల్ల ఊరు చూడాలంటే ఆ రోజుల్లో అన్న తోడు ఉండాల్సిందే, మీలో చాలామందికి తెలిసిన సంగతే. అందుకని ఆదివారం పొద్దున వాడు లేపితే విసుక్కుంటూనే బయలుదేరేదాన్ని. ఒళ్ళు వేడెక్కడానికని ముందు అశోక్‌నగర్ దాకా ఒక చుట్టు, అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి నారాయణగూడ గడియార స్తంభం, ఆ తర్వాత బషీర్‌బాగ్, ఫతే మైదాన్, నౌబత్ పహాడ్ గుట్ట పక్కగా, బాగ్ అని పిలిచే పెద్ద తోటలోని మ్యూజియం. ఫతే మైదాన్ దగ్గర ఆగి, గోలకొండను ముట్టడించిన సైన్యం గుడారాలు వేసింది ఇక్కడేనే అని ప్రతి వారమూ కొత్తగా చెప్పినట్టు చెప్పేవాడు. వాడికది తేలికపాటి నడకే, వాడి అంగలు అందుకోలేక ఆయాసపడేది నేను.

అన్నయ్య మనిషి పొడవు, చేతులు మరీ పొడవు. చొక్కా ఏది కుట్టించినా మణికట్టు దాకా వచ్చేది కాదు. మ్యూజియంలో కత్తులూ డాళ్ళూ పెట్టిన గదిలో ఇనుప వలయాలతో అల్లిన కవచం ఒకటి అద్దాల బీరువాలో వేలాడేది. అన్నయ్య దాని ఎదురుగా నిలబడి, ఒక అడుగు ముందుకూ ఒక అడుగు పక్కకూ జరిగి, అద్దంలో తన ముఖం సరిగ్గా ఆ కవచం మెడ మీద పడేట్టు చూసుకుని, సరిపోయిందా అని నన్ను అడిగేవాడు. నేను నవ్వుతూ సరిపోయింది అనేదాన్ని. పాకిస్తాన్‌తో యుద్ధం అయినప్పటినుంచీ వాడికి సైన్యంలో ఆఫీసరు కావడం తప్ప ఇంకో ఊసు లేదు. నాన్న పేపరు మీదినుంచి తలెత్తకుండానే, ముందు డిగ్రీ కానీ అన్నారు. మా ఇంట్లో అది ఒప్పుకున్నట్టే లెక్క.

డిగ్రీ ఆఖరి ఏడాదే అరవై తొమ్మిది వచ్చి పడింది. ప్రత్యేక రాష్ట్రం కావాలని పిల్లలు కాలేజీలు వదిలి రోడ్ల మీదికి వచ్చారు, నారాయణగూడలో కళ్ళు మండే పొగ, ఎక్కడ చూసినా పోలీసులు. మా ఆదివారాలు ఆగిపోయాయి. పెద్దమ్మ కొడుకు అన్నయ్య క్లాసువాడే, ఊరేగింపులో తల పగలగొట్టించుకుని కట్టుతో వచ్చాడు. అయినా ఆ సాయంత్రం మా వరండాలో కూర్చుని అన్నయ్యతో కలిసి మా అమ్మ పెట్టిన దోసకాయ పప్పే తిన్నాడు. మేం ఆంధ్రావాళ్ళమని అమ్మ బిక్కుబిక్కుమంటుంటే పెద్దమ్మ గుమ్మంలో నిలబడి, "మీరు జర పరేషాన్ గాకుండ్రి. నా గడప దాటి మిమ్మల్ని ఎవ్వడు ఏమంటడో నేను జూస్త" అంది. ఎవరూ ఏమీ అనలేదు. దెబ్బతిన్నది పరీక్షలే. ఇదిగో అదిగో అంటూ నెలలు దొర్లి, రాసి, ఫలితాలు వచ్చి, అన్నయ్య సైన్యానికి దరఖాస్తు పంపేసరికి వయసు గడువు దాటింది. వయసు ఎక్కువైందని జవాబు వచ్చింది. కాగితం లెక్కన నాలుగు నెలలు దాటాడు. అమ్మ కన్న లెక్కన ఇంకా ఎనిమిది నెలలు మిగిలే ఉంది.

ఈ రెండు లెక్కల కథ నాకు ఆ రోజే తెలిసింది. పిల్లవాడికి అయిదేళ్ళు నిండాయో లేదో చూడటానికి పూర్వం పంతుళ్ళు, కుడిచెయ్యి తల మీదుగా పోనిచ్చి ఎడమ చెవి పట్టుకోమనేవారు కదా. అన్నయ్యకు నాలుగేళ్ళకే అందింది, ఆ పొడుగు చేతులు అలాంటివి. పంతులుగారు తేదీ, నెలా అలాగే ఉంచి సంవత్సరం ఒకటి వెనక్కి జరిపి రాసేశారు. నాలుగేళ్ళవాణ్ణి బడికి తోలడానికి అంత తొందరేమిటని అడిగాను. ఎందుకు అడిగానా అని ఇప్పటికీ ఏడుస్తాను. అమ్మ నా వైపు చూడకుండా, "పురిట్లో చంటిదాన్ని పెట్టుకుని వీడి అల్లరి పడలేకపోయాను" అంది. ఆ చంటిదాన్ని నేనే.

నాన్న సెలవు పెట్టి తెనాలి వెళ్ళారు. బడిలో పాత పంతులుగారు పోయారు, పురుడు పోసిన మంత్రసాని పోయింది, ఇంట్లో కాన్పు కాబట్టి పుట్టుక ఎక్కడా రాయించలేదు. రుజువు లేనిదే రికార్డు మార్చం అన్నారట. తిరిగి వచ్చి చెప్పులైనా విప్పకుండా, "పంతులు పక్కన నిలబడి నేనే రాయించాన్రా" అని మాత్రం అన్నారు. పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, "మా పోరగాండ్ల లొల్లిల మీ అన్న ఏడాది పోయింది బిడ్డా" అని కళ్ళు ఒత్తుకుంది. అలా ఇంట్లో అందరం తప్పు తలా ఇంత పంచుకున్నాం. అన్నయ్య మాత్రం ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ వారం మళ్ళీ నన్ను నడకకు రమ్మన్నాడు. మొదటిసారి నేను ఆయాసపడలేదు, వాడే అంత నెమ్మదిగా నడిచాడు. ఫతే మైదాన్ దగ్గర ఆగలేదు. మ్యూజియంలో కవచం బీరువాకు అంత దూరాన నిలబడిపోతే, నా బుద్ధి గడ్డి తిని, "రా అన్నయ్యా, నిలబడు, సరిపోయిందో లేదో చెప్తాను" అన్నాను. "వద్దులేవే, ఏడాది పెద్దవాణ్ణయ్యానుగా, బిగుతైపోతుంది" అని నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను కత్తుల వైపు తిరిగి ఏడ్చాను. మళ్ళీ మేం అటు వెళ్ళలేదు.

వాడు ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరి, కాగితాల ప్రకారం ఏడాది ముందే రిటైరయ్యాడు. బల్ల ముందు వంగి వంగి ఆ మనిషి పొడవు కూడా తగ్గిపోయింది. పోయిన మాఘంలో చనిపోతే మరణ ధ్రువీకరణలో కూడా వయసు ఒకటి ఎక్కువే పడింది. దండ వేసిన ఫోటో కింద అయినా సరిగ్గా రాయించరా అని మేనల్లుణ్ణి అడిగితే, "ఏడాది అటూ ఇటూ అయితే ఏముందత్తా" అన్నాడు. వాడి తప్పేం లేదు, వాడికెవరూ చెప్పలేదు.

ఇప్పుడు పిల్లలు ఆస్పత్రిలో కళ్ళు తెరవడమే ఆలస్యం, నిమిషాలతో సహా రాసి చేతిలో పెడుతున్నారు. చెవి పట్టుకోమనే పంతులూ లేడు, నారాయణగూడలో ఫ్లైఓవరు కింద నిలబడి ఊరి చరిత్ర చెప్పే తీరికా ఎవరికీ లేదు. ఇవాళ ఆ కరపత్రం తీసి చూస్తే అడుగున పేరూ, పుట్టినతేదీ రాయమని గళ్ళు ఉన్నాయి. అన్నయ్య పేరు రాసి, అమ్మ కన్న తేదీ వేశాను. ఆ తేదీ తెలిసినవాళ్ళలో ఇక మిగిలింది నేనొక్కదాన్నే. నేనూ పోతే కాగితాల్లో ఉన్నదే వాడి వయసు అయిపోతుంది.