గొంగడివారి మూడో లక్షణం

ఎం.ఏ. చరిత్ర పూర్తయిన ఏడాది, వర్షాకాలం మొదట్లో, తార్నాకలోని ఒక చిన్న వీడియో గేముల కంపెనీలో 'కల్చర్ రైటర్' అనే ఉద్యోగంలో చేరాను. మూడేళ్లు చేసి మానేశాను. ఇప్పుడు మళ్లీ క్యాంపస్‌లోనే పరిశోధన విద్యార్థిని. ముప్పై ఏళ్లు రాకుండానే 'నా ఉద్యోగ కాలంలో' అని మొదలుపెట్టడం కొంచెం నవ్వులాటగానే ఉంటుంది. కానీ ఆ పని ఎలా ఉంటుందని జూనియర్లు తరచూ అడుగుతారు. నోటితో చెప్పడం నాకు చేతకాదు కనుక రాస్తున్నాను. అప్పట్లో రోజూ డైరీ రాసుకునేదాన్ని. ఇక్కడి మాటలు చాలావరకు అందులోంచి తీసుకున్నవే.

ఆఫీసు అంటే ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో అద్దె ఫ్లాటు. హాలులో ప్రోగ్రామర్లు, పెద్ద పడకగదిలో బొమ్మలు గీసేవాళ్లు. నా పైన లీడ్ డిజైనర్ శ్రీకాంత్ ఉండేవాడు. వారాసిగూడలో పుట్టి పెరిగినవాడు. ఆటలో ఏది ఉండాలో, ఏది పోవాలో చివరి మాట ఆయనదే. నా కింద ఎవరూ లేరు. పక్క కుర్చీలో ఫర్హీన్ కూచునేది. ముషీరాబాద్ నుంచి బస్సులో వచ్చే ప్రోగ్రామర్. నేను రాసిన వాక్యాన్ని కోడ్‌గా మార్చడం ఆమె పని.

మేం తయారుచేస్తున్నది వ్యూహాల ఆట. ఆడేవాళ్లు తలా ఒక జనాన్ని ఎంచుకుంటారు. వంతులవారీగా ఊళ్లు కట్టి, పంటలు పండించి, అవసరమైతే యుద్ధాలు చేసి, తమ జనాన్ని తరాల తరబడి నడిపిస్తారు. ఒక్కో జనానికి మూడు లక్షణాలు రాయాలి. మొదటిది బలం, రెండోది బలహీనత, మూడోది మరెవరికీ లేని ప్రత్యేకత. ప్రతి లక్షణమూ ఆడేవాడికి అర్థమయ్యే ఒక్క వాక్యంలో ఉండాలి, ఆ వాక్యం కంప్యూటర్ చేయగలిగిన పని అయి ఉండాలి. ఉదాహరణకు చెరువులవారి మూడో లక్షణం ఇది: 'చెరువు తవ్వితే చుట్టూ ఉన్న పొలాలన్నీ రెండో పంట ఇస్తాయి.'

చేరిన కొత్తలో నేను ఒక జనం గురించి 'శాంతికాముకులు, కష్టజీవులు' అని రాశాను. శ్రీకాంత్ ఆ రెండు మాటలూ కొట్టేశాడు.

"శాంతికాముకులంటే ఏంది? కంప్యూటర్ ఏం చెయ్యాలె దాంతోని? వాళ్లు ఏం చేస్తరో రాయి. మంచోళ్లా చెడ్డోళ్లా అన్నది ఆడేటోడు చూసుకుంటడు."

ఆ తర్వాత నేను విశేషణాలు రాయలేదు.

నేను చేరేసరికి ఐదు జనాల పని సగం అయిపోయింది. మొదటినుంచీ పూర్తిగా నా చేతుల్లో తయారైంది ఆరోది, గొంగడివారు. గొర్రెల మందలతో తిరిగే జనం. బలం: అందరికన్నా వేగంగా కదులుతారు. బలహీనత: కోటలు, శాశ్వతమైన ఊళ్లు కట్టలేరు. మూడోది: మంద ఉన్నంతకాలం ధాన్యం లేకపోయినా ఆకలి ఉండదు.

కాగితం మీద బాగానే ఉంది. ఆఫీసులో ఆడి చూసిన ప్రతిసారీ మాత్రం గొంగడివారే ముందు పోయేవారు. ఆట సగానికి వచ్చేసరికి మ్యాపు మీద ఖాళీ నేల మిగలదు. మేత కోసం పక్కవారి పొలంలోకి వెళ్తే యుద్ధం. యుద్ధం వస్తే దాక్కోవడానికి కోట లేదు.

"సుమా, నీ గొంగడోళ్లు మళ్లీ ఖతం," అని ఫర్హీన్ ప్రకటించేది. "నేను చంపలేదు, కసమ్‌సే. వాళ్లే పోయిండ్రు."

పెట్టుబడి పెట్టేవాళ్లకు ఆట చూపించాల్సిన గడువు దగ్గరపడింది. ఒక సోమవారం శ్రీకాంత్ నన్ను బాల్కనీలోకి పిలిచాడు. ఐదు జనాలతోనే చూపిద్దామన్నాడు. నా మొహం చూసి కాస్త మెత్తబడినట్టున్నాడు.

"సరే, శనివారం క్యాంపస్ల స్టూడెంట్లతోని ఆడిపిచ్చే టెస్టు ఉన్నది కదా. గొంగడోళ్లని తీసుకున్నోడు చివరిదాకా ఆడితే ఉంచుదాం. గెలవకున్నా పర్వాలేదు. మధ్యల లేచిపోతే మాత్రం తీసేద్దాం. మనసుల పెట్టుకోకు."

ఆ ఐదు రోజులే నాకున్న గడువు.

మా ఇల్లు కూడా తార్నాకలోనే. నాన్న విశ్వవిద్యాలయం కార్యాలయంలో ఉద్యోగి. అమ్మానాన్నలిద్దరిదీ అనంతపురం వైపు. ఆ సాయంత్రం భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని ఆటను మళ్లీ ఆడుతుంటే, నాన్న కాఫీ గ్లాసుతో వచ్చి వెనక నిలబడ్డాడు. పక్క రాజ్యం సరిహద్దు ఎర్ర గీత దాటగానే గొంగడివారి మీద బాణాలు పడ్డాయి.

"ఏంటికి కొడతాండారు వాళ్లని?"

పక్కవాళ్ల పొలంలోకి వెళ్లారని చెప్పాను.

"గొర్రెలు చేన్లో దిగితే యుద్ధమా? ఎవురు చెప్పినారు పాపా నీకు? పంట మీద దిగితే కొట్లాటే, కాదనను. కోతలైనాక? మీ తాత రెండూర్ల అవతలికి పోయి మందోళ్లని బతిమాలి పిల్చుకొస్తాండె. ముందు మా చేన్లో పండబెట్టండప్పా, ఆమీట రెడ్డోళ్ల చేన్లోకి పోదురు అని."

వంటింట్లోంచి అమ్మ అందుకుంది. "పిల్చుకొచ్చేది మా మామ. పొయ్యి కాడ సంగటి కెలికేది మేము. గొర్రెలేసిన ఎరువు కన్నా మందోళ్లు తిన్న సంగటే ఎక్కువ."

"ఆ సంగటికే కదే మల్లేడాది కూడా వచ్చిరి!"

'మంద కట్టడం' అనే మాట నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. కోతలయ్యాక ఖాళీ చేలో రాత్రిపూట గొర్రెల్ని ఆపుతారు. వాటి పెంట, మూత్రం వచ్చే పంటకు ఎరువు. బదులుగా రైతు మందవాళ్లకు ధాన్యం కొలుస్తాడు, ఉన్నన్నాళ్లూ అన్నం పెడతాడు. ఇన్ని తెలిసీ ఆటలో మాత్రం నేను మంద రాకను చొరబాటుగానే రాసుకున్నాను. కారణం సరిహద్దు నియమం. ఒప్పందం లేకుండా ఎవరు గీత దాటినా అది యుద్ధానికి కారణం అన్నది ఈ రకం ఆటలన్నిటిలో ఉండేదే. మా ఆటలోకీ అలాగే వచ్చింది. దాని గురించి ఆఫీసులో ఎవరమూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

మర్నాడు మూడో లక్షణాన్ని మార్చి రాశాను: 'కోత అయిన పొలంలోకి పిలిస్తే గొంగడివారి మంద వస్తుంది, తర్వాతి పంట రెట్టింపవుతుంది, పిలిచినవారు ధాన్యం ఇస్తారు.'

ఫర్హీన్ చదివి తల పట్టుకుంది. "బార్డర్ రూల్ ముట్టుకుంటే గేమ్ మొత్తం హిల్ జాతా. శనివారంలోపల నాతోని కాదు."

నియమాన్ని కదిలించకుండా ఒక బటన్ చేర్చవచ్చా అని అడిగాను. 'మందను పిలువు' అని. అది ఇతరుల తెర మీద ఉంటుంది. వాళ్లు నొక్కితే ఆ ఒక్క పొలానికి గీత తెరుచుకుంటుంది. అదైతే రెండు రోజుల పని అంది.

శ్రీకాంత్‌కు అసలు అభ్యంతరం అక్కడే వచ్చింది. లక్షణం ఎవరిదో మీట వాళ్ల చేతిలోనే ఉండాలన్నది మా పనిలో మొదటి పాఠం. చెరువులవాళ్లు చెరువు తవ్వడానికి ఎవరినీ అడగరు. నేను రాసినదాంట్లో గొంగడివారి బలమంతా పక్కవాడి బటన్‌లో ఉంది.

"వీళ్ల ట్రెయిట్ ఎదుటోని చేతుల ఉంటదా? ఎవ్వడు పిలవకపోతే?"

నా కుర్చీలోకి వెళ్లి ఆఫీసు చాట్‌లో పొడుగాటి సందేశం రాశాను. పిలుపు రావాలంటే పిలిపించుకునేలా బతకాలని, ఆడేవాడికి అదే ఆట అని.

"రెండు కుర్చీల అవతల కూచొని మెసేజ్ పెడతవేంది తల్లీ?" అని శ్రీకాంత్ పైకే అన్నాడు. అందరూ నవ్వారు. చదివాక మాత్రం, "సరే, కానియ్యి. శనివారం దాకా టైమ్," అన్నాడు.

టెస్టు క్యాంపస్‌లో మా పాత డిపార్ట్‌మెంటు కంప్యూటర్ గదిలో జరిగింది. ఆరుగురు విద్యార్థులు, ఆరు తెరలు. టెస్టులో ఒక కట్టుబాటు ఉంటుంది: డిజైనర్ వెనక కూచుని చూడాలి, నోరు విప్పకూడదు. ఆట కొన్నవాడి ఇంటికి వెళ్లి మనం వివరించలేం కదా. మిగతావాళ్లకు ఇది శిక్షలా ఉండేది, నాకు మామూలుగా హాయిగా ఉండేది. ఆ రోజు మాత్రం కుర్చీ అంచు పట్టుకుని కూచున్నాను.

గొంగడివారిని తీసుకున్నవాడు నవీన్. మాణికేశ్వర్ నగర్‌లో ఉంటూ ఎకనామిక్స్ చదువుతున్నాడు. అతని పక్క నేల చెరువులవారిది. అది ఆడుతున్నది లావణ్య, గుంటూరు నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న అమ్మాయి. మొదటి గంట నేను భయపడినట్టే గడిచింది. నవీన్ పిలవమని అడుగుతాడు, ఎవరూ బటన్ నొక్కరు.

"గొర్రెల్ని రానిచ్చాక ఊరు కూడా ఇచ్చేయమంటావు. నాకేం తెలీదనుకున్నావా?" అంది లావణ్య.

"ఏందక్కా, కత్తులు పట్టుకొచ్చిన్నా నేను? గొర్రెలే కదా! నీ పొలం జూడు, ఎట్ల సారం తగ్గిపోతున్నదో."

"తగ్గితే తగ్గింది. నా పొలం, నా ఇష్టం."

నవీన్ కుర్చీ వెనక్కి జరిపి ఒళ్లు విరుచుకున్నాడు. ఫోన్ తీశాడు. గోడకు ఆనుకుని ఉన్న శ్రీకాంత్ నా వైపు చూశాడు. ఆ బటన్ వల్ల నష్టమేమీ లేదని లావణ్యకు చెప్పడానికి నాకు ఒక్క వాక్యం చాలు. చెప్పలేదు.

మా ఆటలో ఒకే నేలను వరసగా దున్నుతుంటే సారం తగ్గుతుంది. లావణ్య నీళ్ల ధైర్యంతో ప్రతి ఏడూ రెండు పంటలు తీసింది. చివరికి దిగుబడి సగానికి పడిపోయాక, "సర్లే, ఒక్క పొలానికే. మోసం చేశావో, చెప్తాను నీ సంగతి," అంటూ నొక్కింది. తర్వాతి కోతలో ఆమె ధాన్యం ఎంత పెరిగిందో ఆరు తెరల మీదా కనబడింది.

గది మారిపోయింది. అందరూ ఒకేసారి నవీన్‌ను పిలవడం మొదలుపెట్టారు.

"అన్నా, ఒక్కసారి నా తాన్కి పంపవా!"

"లైన్ల నిలబడున్రి," అన్నాడు నవీన్, ఫోన్ జేబులో పెట్టేసి. "ఇందాక నన్ను దొంగ లెక్క చూసినోళ్లు ముందు సారీ చెప్పున్రి."

ఒక్కడు మాత్రం మందను పిలిచి, పొలంలోకి రాగానే సైన్యాన్ని తోలి కోసుకుతిన్నాడు. 'ఫ్రీ మటన్' అని కేక కూడా వేశాడు. నవీన్ నింపాదిగా, "తిను బిడ్డా, మంచిగ తిను. మళ్లీ నీ గడప తొక్కితే అడుగు," అన్నాడు. మిగిలిన మందలతో ఆ రాజ్యం చుట్టూ తిరిగి వెళ్లాడే తప్ప, ఆట ముగిసేదాకా అందులోకి వెళ్లలేదు. ఆ రాజ్యం నేల సారం పోయి కుంగిపోయింది. అలాంటి మోసానికి ఏదో శిక్ష రాయాలని నేను ముందురోజంతా తంటాలు పడి వదిలేశాను. ఆ అవసరమే రాలేదు.

చివరికి లావణ్య గెలిచింది. నవీన్ మూడో స్థానంలో నిలిచాడు, మధ్యలో లేవలేదు. శ్రీకాంత్ పెట్టిన షరతు నెరవేరింది.

టెస్టు తర్వాత అందరినీ ఒకే ప్రశ్న అడుగుతాం: మళ్లీ ఆడితే ఏ జనాన్ని ఎంచుకుంటారు? నవీన్ అట్టే ఆలోచించలేదు.

"చెరువులోళ్లని. గొంగడోళ్లు మస్తున్నరు సార్, కానీ వాళ్లని పక్కనోడు తీసుకోవాలె."

ఆరుగురూ అదే చెప్పారు. గొంగడివారు ఆటలో ఉండి తీరాలి. తాము మాత్రం గొంగడివారు కారు.

సోమవారం మీటింగ్‌లో శ్రీకాంత్ నిర్ణయం చెప్పాడు. "మాట మాటే. గొంగడోళ్లు ఉంటరు, కానీ ఎంచుకునే లిస్టుల ఉండరు. ప్రతి మ్యాప్ల తిరుగుతుంటరు. కంప్యూటర్ నడుపుతది. ఎవరు బటన్ నొక్కితే వాళ్ల పొలానికి వస్తరు."

టెస్టు చూసినవారెవరికైనా ఇది సబబుగానే తోస్తుంది. నాకూ అలాగే తోచింది. కానీ శనివారం నవీన్ కుర్చీలో కూచున్నాడు కాబట్టి ఆ మందలు ఒక రాజ్యాన్ని చుట్టి వెళ్లాయి. ఆ కుర్చీ ఇప్పుడు ఖాళీ. ఈసారి చాట్‌లో రాయకుండా మాట్లాడాను.

"నొక్కిన ప్రతిసారీ వస్తారా అన్నా?"

"వస్తరు. గంతే కదా."

"అయితే వాళ్లు జనం కారు, ఇంకో రకం ఎరువు. రామని చెప్పే వీలు వాళ్లకు ఉండాలి."

"ఎవరికి రామంటరు?" అని ఫర్హీన్ అడిగింది. అప్పటికే ఏదో రాసుకుంటోంది.

"మందను కోసుకుతిన్నవాళ్లకు. ధాన్యం ఎగ్గొట్టినవాళ్లకు. చాలా ఏళ్లపాటు."

"ఆడేటోడు బటన్ నొక్కి, పని చెయ్యకపోతే, గేమ్ ఖరాబున్నదని రివ్యూ రాస్తడు," అన్నాడు శ్రీకాంత్.

"రాయనివ్వండి."

"అరె, సుమ నోటితోని మాట్లాడింది. రాసుకోండి ఎవరన్నా," అంది ఫర్హీన్. శ్రీకాంత్ నవ్వి, మూడో లక్షణం చివర ఒక ముక్క చేర్చమన్నాడు: 'మోసపోయిన చోటికి తిరిగి రారు.'

ఆట ఆ రూపంలోనే విడుదలైంది. బటన్ పనిచేయడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. అది లోపం కాదని వాటికి జవాబు రాసే పని, నేను మానేసేదాకా, నాదే.

ఆ ఉద్యోగం నుంచి పనికొచ్చే సంగతి ఒకటి తెచ్చుకున్నాను. ఒక జనానికి లక్షణం రాసేటప్పుడు వాళ్లు ఏం చేయగలరన్నది ఎవరైనా మొదట రాస్తారు. ఏ పనికి 'మేం చేయం' అనగలరో కూడా రాస్తేనే ఆ పని పూర్తయినట్టు.