పసుపు చొక్కా విప్పేసిన పిల్ల

ఆ పిల్లల హోమ్‌లో ఆయమ్మది పంతొమ్మిదేళ్ళ కొలువు. కాగితాల మీద ఉద్యోగం పేరు ఏం రాసుకున్నారో గానీ, అసలు పని మాత్రం తలలు దువ్వడం. పొద్దున ఆరింటికల్లా వరండాలో పీట వేసుకుని కూర్చుంటే, ఇరవై ఆరుమంది ఆడపిల్లలు ఒకరి తరవాత ఒకరు వచ్చి ఆమెకు వీపు చూపిస్తూ మోకాళ్ళ మధ్య కూలబడేవాళ్ళు. నూనె, దువ్వెన, రెండు జడలు, లే, ఇంకొకరు రండి. తలకి నాలుగు నిమిషాలు. మధ్యలో ఎవరైనా మెలికలు తిరిగే పిల్ల తగిలిందంటే ఆయమ్మకు తల ప్రాణం తోకకొచ్చేది.

దానికామె ఒక ఉపాయం కనిపెట్టింది. మెచ్చుకోవాలో తిట్టాలో తెలియని ఉపాయం. “కదలకుండా కూర్చో. జడ బాగా కుదిరితే మీ అమ్మ వచ్చినప్పుడు చూడగానే గుర్తుపడుతుంది” అనేది. అంతే, ఎంతటి అల్లరి పిల్లయినా బొమ్మలా కూర్చునేది. ఎప్పుడొస్తుందని అడిగితే సెలవులకనో, వానలు తగ్గాకనో నోటికొచ్చింది చెప్పేది. అందరికీ అదే మాట. పిల్లలు మరిచిపోతారులే అనుకుంది. పిల్లలు మరిచిపోతారని పెద్దవాళ్ళకు ఎవరు చెప్పారో!

వేసవి సెలవుల్లో ఊళ్ళోని పెద్ద పార్కులో కళోత్సవం పెట్టారు. హోమ్‌కి ఎనిమిది పాసులొచ్చాయి. వార్డెను ఎనిమిదిమందిని ఏరి, వీపు మీద నంబరున్న పసుపు చొక్కాలు తొడిగించి, చొక్కాలు చూసి లెక్కపెట్టుకోమని ఆయమ్మకు మరీమరీ చెప్పింది. ఒక్కటి తగ్గినా మళ్ళీ గుమ్మం తొక్కనక్కర్లేదని కూడా అంది. ఆవిడ అన్నంత పనీ చేసే మనిషి.

ఆరో నంబరు పిల్లకి ఏడేళ్ళు. ఒక్కచోట నిలవదని పిచ్చుక అని పిలిచేవాళ్ళు. ఆ పొద్దున ఉత్సాహంతో తల అటూ ఇటూ తిప్పేస్తుంటే ఆయమ్మకు చిర్రెత్తుకొచ్చింది. మీ అమ్మ ఇవాళ ఉత్సవానికే వస్తుందేమో, ఆ జడ చూసి ఏమనుకుంటుంది అని గదిమింది. పిచ్చుక ఊపిరి కూడా బిగపట్టి కూర్చుంది, వెనక వరసలో ఉన్న పిల్లలు చెవులు రిక్కించారు.

ఆ తల్లి రాదని ఆయమ్మకు తెలుసు. రెండేళ్ళ కిందట ఆఫీసు గదిలో బిడ్డ మీద నాకు ఏ హక్కూ లేదన్న కాగితం మీద సంతకం పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. అప్పుడు పిల్లను వరండాలో ఎత్తుకుని నిలబడింది ఆయమ్మే.

పార్కులో జనం కిటకిటలాడుతున్నారు. ఒకచోట డోళ్ళు, ఒకచోట నాట్యం, ఇంకోచోట మట్టితో బొమ్మలు చేయడం. తోడు వచ్చిన వంటామె పిల్లలకు పుల్ల ఐసులు కొనిచ్చింది. తోలుబొమ్మల గుడారంలో అందరినీ వరసగా కూర్చోబెట్టి, ఆయమ్మ వెనక నిలబడి లెక్కపెట్టింది. ఎనిమిది. ఆట అయ్యాక మళ్ళీ లెక్కపెట్టింది. ఏడు.

మిగతావాళ్ళను వంటామెకు అప్పజెప్పి మైకు దగ్గరకు పరిగెత్తింది.

పిల్ల ఎలా ఉంటుందని అడిగాడు మైకు మనిషి.

“పసుపు చొక్కా. వీపు మీద ఆరో నంబరు.”

“చొక్కా సరే, మొహం ఎలా ఉంటుందమ్మా?”

ఆయమ్మ గుర్తు చేసుకోబోయింది. కళ్ళు పెద్దవా, చిన్నవా? ముందు పళ్ళు ఊడాయా, వచ్చాయా? రెండేళ్ళుగా రోజూ చేతుల్లో తిరిగిన తల. “నడినెత్తిన రెండు సుడులుంటాయి. ఎడమ చెవి వెనక కురుపు మానిన మచ్చ ఉంటుంది” అంది చివరికి. నడినెత్తి ఎవరు చూస్తారమ్మా అని, అతను చొక్కా రంగే మూడుసార్లు చెప్పాడు.

ఇక చూడాలి ఆమె అవస్థ. పసుపు గొడుగు కనబడినా, పసుపు బుడగ కనబడినా అటే పరుగు. కొలను నీళ్ళలో ఏదో పసుపుగా తేలుతుంటే పైప్రాణాలు పైనే పోయాయి. మోకాలి లోతుకు దిగి లాగితే ప్లాస్టిక్ సంచి. తడిసిన చీరతోనే గేటు దగ్గరకు వచ్చింది. అక్కడ స్తంభం పక్కన ఇరుకు ఎర్రగౌనులో, జుట్టు విరబోసుకుని ఒక పిల్ల నిలబడి ఉంది.

“పాపా, పసుపు చొక్కా పిల్ల ఇటు వచ్చిందా?” అని అడిగింది, కళ్ళు అప్పటికే రోడ్డు మీద పెట్టి.

ఆ పిల్ల ఆమె వంక కాసేపు చూసి, తల అడ్డంగా ఊపింది.

బస్సు స్టాపు దాకా వెళ్ళి, అడిగినవాళ్ళనే మళ్ళీ అడిగి ఆయమ్మ తిరిగి వచ్చింది. ఎర్రగౌను పిల్ల ఇంకా అక్కడే ఉంది. ఈసారి ఇటు వీపు పెట్టి, లోపలి నుంచి వచ్చే ఆడవాళ్ళను ఒక్కొక్కరినే చూస్తోంది. నడినెత్తిన రెండు సుడులు.

నమ్మబుద్ధి కాదు గానీ, జరిగింది అదే. ఆయమ్మ అక్కడే నేల మీద చతికిలబడింది. కొట్టడానికి ఎత్తిన చెయ్యి పిల్ల భుజం మీద పడి ఆగిపోయింది. ఆ గౌను పిచ్చుక హోమ్‌కి వచ్చిన రోజు వేసుకున్నది. ఆ రోజు కూడా జుట్టు ఇలాగే విరబోసి ఉంది. గౌనుకి చంకల దగ్గర కుట్లు ఊడిపోయాయి. పొద్దున చొక్కా కింద దాచి తొడుక్కున్నట్టుంది. చొక్కా ఇప్పుడు చుట్టగా చంకలో ఉంది.

“ఇందాక అడిగింది నిన్నే కదే! నేనే అని ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు గుర్తుపడతావేమోనని చూశా. రోజూ దువ్వుతావు కదా, నీకే తెలీలేదు. అమ్మ నన్ను చూసి చాలా రోజులైంది. ఇందాకే ఇటు వచ్చిందేమో ఆయమ్మా. నన్ను చూసి కూడా ఎవరో అనుకుని వెళ్ళిపోయిందేమో.”

లేదే, ఇంకో పండక్కి వస్తుందిలే అన్న మాట ఆయమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. పంతొమ్మిదేళ్ళ అలవాటు మరి. కానీ ఆ మాట అంటే ఈ పిల్ల బతికినంతకాలం గేట్ల దగ్గర నిలబడుతుంది. తప్పంతా తన మొహానిదే అనుకుంటుంది.

“మీ అమ్మ ఇవాళ రాలేదే” అంది.

“మరి ఎప్పుడొస్తుంది?”

“రాదు. నిన్ను మాకిచ్చేశానని సంతకం పెట్టి వెళ్ళింది. నేను చూశాను. నువ్వు కదలకుండా కూర్చోవాలని అబద్ధం చెప్పాను.”

“రోజూనా?”

“రోజూ.”

పిచ్చుక ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని ఆయమ్మ ఎదురుచూసింది. పిల్ల చంకలోని చొక్కా తీసి, దులిపి తొడుక్కుంది. ఆయమ్మ గుండీలు పెట్టబోతే నాకు వచ్చు అని చేతిని తోసేసి, ఒకటి తప్పు కాజాలో పెట్టుకుంది. ఇద్దరూ గుడారం వైపు నడిచారు.

దూరాన వంటామె పక్కన ఏడు పసుపు చొక్కాలు కనబడ్డాయి. ఎదురుగా డోళ్ళు మోగుతున్నా ఒక్కరూ అటు చూడడం లేదు. దారిన పోయే ఆడవాళ్ళ మొహాలు చూస్తున్నారు. ఆయమ్మ కాళ్ళు ఆగిపోయాయి.

పిచ్చుక ఆమె కొంగు పట్టుకుని లాగింది.

“వాళ్ళకి మాత్రం చెప్పకు ఆయమ్మా. సాయంత్రం దాకా టైముంది కదా, చూసుకోనీ.”