సార్ పొట్ట మీద నా కుట్లు

మా సార్ పోయిన సంగతి నాకు గంట ఆలస్యంగా తెలిసింది. అప్పుడు నేను ఆపరేషన్ థియేటర్లో ఉన్నాను. సిస్టర్‌కు ఫోన్ ముందే వచ్చిందట. నేను చివరి కుట్టు వేసి గ్లవ్స్ తీసేదాకా ఆమె నోరు విప్పలేదు. కోపం వచ్చింది గానీ, ఆ నియమం పెట్టింది సారే. పొట్ట తెరిచి ఉండగా లోపలికి ఏ కబురూ రాకూడదు, సొంత తండ్రిదైనా సరే.

ఆయన అనంతపురంలో మా పెద్దాసుపత్రి సర్జరీ ప్రొఫెసర్. ఆయన దగ్గర మూడేళ్లు పీజీ చేశాను. మొదటి ఏడాదంతా ఎప్పుడు పారిపోదామా అనే చూశాను.

సాయంత్రం రౌండ్స్ అయ్యాక పీజీలందర్నీ వరండాలో కూర్చోబెట్టి వేయించిన శెనక్కాయలు పంచేవారు. ప్రేమతో అనుకునేరు. ఎడమచేత్తోనే ఒలవాలి, విత్తనం మీద ఎర్రపొట్టు చెదరకూడదు. చెదిరితే తినడానికి లేదు. "కుడిచెయ్యి అందరికీ పన్జేస్తాదప్పా. పొట్టలోకి దిగినాక రెండోది గూడా కావల్ల" అనేవారు. ఆ మొదటి నెల నేను తిన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఒకరోజు ముదిగుబ్బ నుంచి ఒక గొర్రెల కాపరి వచ్చాడు. హెర్నియాలో పేగు చిక్కుకుని మెలికలు తిరుగుతున్నాడు. నేను వెంటనే బెంగుళూరుకు రెఫర్ చీటీ రాసేశాను. మా వైపు అదొక అలవాటు. కాస్త పెద్ద జబ్బనగానే అందరూ బెంగుళూరు దారి పడతారు. సార్ ఆ చీటీ చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

"బెంగుళూరులో కోసేవానికి ఎన్ని చేతులుంటాయి?"

"రెండే సార్."

"ఈయప్ప ఆడికి చేరేలోపల పేగు నల్లబడతాది. భయం నీది, పేగు ఆయప్పది. పోయి చేతులు కడుక్కో."

కత్తి నాకిచ్చి ఎదురుగా నిలబడ్డారు. నేను తడబడినప్పుడల్లా ఆయన ఎడమచెయ్యి వచ్చి నా మణికట్టు కింద ఆనేది. కాపరి ఐదో రోజు నడుచుకుంటూ ఇంటికి పోయాడు. నేను మాత్రం నమ్మలేదు. అది సార్ చేసిన ఆపరేషనేననీ, సొంతంగా నావల్ల ఏదీ కాదనీ అనుకుంటూనే ఉన్నాను.

మూడో ఏడు సార్‌కే హెర్నియా వచ్చింది. వాళ్లబ్బాయి బెంగుళూరులో అన్నీ మాట్లాడి కారు తెచ్చాడు. సార్ ఎక్కలేదు.

"నేనే ఆడికి పోతే, ఈడ పండుకునేవాళ్లకు ఏమని చెప్పేది?" అని నావైపు తిరిగారు. "నువ్వు కొయ్యి."

"నేనింకా పీజీని సార్. మీకేమన్నా అయితే?"

"అయితే తప్పు నాది. నేర్పించినోన్ని నేను గదా."

చదివేవాళ్లకు ఇది మొండితనంగా అనిపించవచ్చు. మొండితనమే.

మా అసిస్టెంట్ ప్రొఫెసర్ తోడు నిలబడ్డారు. మత్తు నడుము కిందికే ఇచ్చాం, కాబట్టి సార్ పూర్తి మెలకువతో ఉన్నారు. తెర అవతల నుంచి కత్తెర చప్పుడు వింటూ ఒక్కో ముడీ లెక్కపెట్టారు. చివరి కుట్టు నేను గట్టిగా లాగాను, చర్మం ముడుచుకుంది. దారం కత్తిరించకుండా ఆగాను.

"ఏమప్పా, చెయ్యి ఆగింది?"

"కుట్టు బిగుసుకుంది సార్. అట్లే ఉన్నా మానుతాది. మళ్లా ఏస్తే ఇంకో మచ్చ పడతాది."

"పడనీ. ఇప్పి మళ్లా ఎయ్."

విప్పి, మళ్లీ వేశాను. ఆ రోజు నా మణికట్టు కింద ఎవరి చెయ్యీ లేదని తెర తీశాకే గమనించాను.

తర్వాత ఆయన రిటైరయ్యారు, నేను అదే వార్డులో ఉండిపోయాను. ఇప్పుడు రెఫర్ చీటీలు నా ముందుకు వస్తాయి. పంపాల్సినవాళ్లను పంపుతాను. భయంతో రాసిన చీటీని మాత్రం మడిచి జేబులో పెట్టుకుంటాను. పీజీలు నన్ను తిట్టుకుంటారని తెలుసు, తిట్టుకోనీ. శెనక్కాయలు కూడా మానలేదు.

సార్ పోయిన రోజు సాయంత్రానికి మడకశిర దగ్గర వాళ్ల ఊరు చేరాను. ఉదయం టిఫిన్ దగ్గరే గుండె ఆగిందన్నారు. సార్‌కు ఆఖరి స్నానం చేయిస్తున్న వాళ్లబ్బాయి "నువ్వూ నీళ్లు పొయ్యన్నా" అని చెంబు నా చేతికిచ్చాడు. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అక్కడ ఆగలేదు. ఏడుస్తూనే పోశాను. నీళ్లు ఆయన పొట్ట మీద పాత గీత వెంట జారాయి. గీత చివర పక్కపక్కనే రెండు మచ్చలు, నేను బిగించిన కుట్టుదొకటి, ఆయన మళ్లీ వేయించినదొకటి.