ఆరు నెలల మందుకు నేనాడిన బేరం

నర్సీపట్నం మార్కెట్లో నన్ను మించిన బేరగాడు లేడు. ఈ మాట నేను చెప్పుకోనక్కర్లేదు, నాతో బేరమాడి ఇంటికెళ్లి తల పట్టుకున్నవాళ్లు చెబుతారు. మా నాన్న స్టీలు సామాన్ల కొట్టులో గల్లా పెట్టె పక్కన పెరిగినవాణ్ణి. అవతలి మనిషి మొదట చెప్పేది ధర కాదనీ, అది అతని ఆశ అనీ నాకు చిన్నప్పుడే తెలుసు. ఆ తెలివితోనే డాక్టరు గారు రాసిన ఆరు నెలల టీబీ కోర్సును రెండు నెలల చిల్లరకు తెగ్గొట్టాను. ఇంత గొప్ప బేరం మా వీధిలో ఇంకెవరూ చేయలేదు. అందులో ఎంత మిగిలిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు నేను ఎక్కడికి బయల్దేరానో చెప్పాలి. నలభై దాటాక నాకు దేవుని పిలుపు వచ్చింది. జాంబియాలో పనిచేసి వచ్చిన ఒక మిషనరీ దంపతులు మా సంఘానికి వచ్చి, అక్కడి పల్లెల గురించి మాట్లాడారు. నాకు ఆకాశంలోంచి స్వరమేమీ వినపడలేదు. మర్నాడు కొట్లో ఎవరిదో పెళ్లి సామాను మీద పేరు చెక్కుతున్నాను. మిషను గిర్రున తిరుగుతుంటే, యేసు పేరు ఒక్కసారి కూడా వినని ఊళ్లున్నాయన్న మాట చేతిని ఆపేసింది. ఆ రోజు నుంచి ఆ మాట నన్ను వదల్లేదు.

సహజంగానే బేరానికి దిగాను. పాడేరు వెళ్తాను ప్రభువా అన్నాను, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చి భోంచెయ్యొచ్చని. మనసు కుదుటపడలేదు. పోనీ రాష్ట్రం సరిహద్దు దాటి కోరాపుట్ అన్నాను. అదీ కుదర్లేదు. నేను మెట్టు మెట్టుగా ఎక్కాను గాని అటువైపు నుంచి ఒక్క మెట్టు దిగలేదు. చివరికి పూర్తికాల సేవకు, సముద్రం అవతలికి, సరే అన్నాను. కొట్టు తమ్ముడికి అప్పగించాను. నా భార్య సువార్త జాకెట్లు కుడుతుంది. మాకు పిల్లల్లేరు. మమ్మల్ని పంపే సంస్థవాళ్లు భార్యాభర్తల్నే తీసుకుంటారు గనక ఇద్దరికీ శిక్షణ ఇచ్చారు. అక్కడి ఆడవాళ్లకు కుట్టు నేర్పాలని ఆమె ఆశ. మిషను తొక్కుతూ ఫోన్లో అక్కడి భాష వింటూ, కొలతలివ్వడానికి వచ్చినవాళ్లతో కూడా 'మూలి బ్వాంజి' అనేది. బాగున్నారా అని దానికర్థం. "ఓలమ్మో, దీనికేటో పట్టీసినాది" అని వాళ్లు నవ్వేవారు.

ఒక ఆదివారం ఆరాధనలో పాట పాడుతున్నాను. మూడో చరణం మధ్యలో ఊపిరి అందలేదు. పక్కవాళ్లు పాడుతుంటే నేను నోరు మాత్రం ఆడించాను. ఏదో తేడాగా ఉందని మొదటిసారి అనిపించింది ఆ రోజే. తర్వాత సాయంత్రాలు ఒళ్లు వెచ్చబడేది. పొడి దగ్గు తెమడలోకి దిగింది. ప్యాంటు నడుము దగ్గర వదులైంది. ప్రయాణం కోసం శుక్రవారాలు ఉపవాస ప్రార్థనలో ఉంటున్నాం గనక చిక్కడం అందుకే అనుకున్నాను. మా పాస్టరుగారిని మేం అయ్యగారు అంటాం. ఆయన భుజం తట్టి, "ఉపవాసం మీ ముఖంలో తెలుస్తోంది బ్రదర్" అన్నారు. ఆ మాటకు పొంగిపోయి బెల్టుకు ఇంకో కన్నం పొడిపించాను.

సువార్త పొంగలేదు. "ముకంలో ఏటి తెలుస్తంది, నా బొంద. సొక్కా కనబడతంది గానీ లోపల మనిసి కనబడ్నేదు. ఆస్పత్రికి పదండి" అంది.

"ప్రయాణం ముందు ఎలాగూ మెడికల్ చేస్తారు కదా, రెండుసార్లు ఎందుకు ఖర్చు?" అన్నాను. అలా నెల పైన జరిపాను.

ఆ మెడికల్‌లో ఎక్స్‌రే తీసి, కుడి ఊపిరితిత్తి పైభాగంలో ప్యాచ్ ఉందన్నారు. విశాఖ నుంచి ఊరికి తిరిగొచ్చి ఆసుపత్రిలో పొద్దున్నే చిన్న డబ్బాలో తెమడ ఇచ్చాను. తెమడలో టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్ష చేశారు. డాక్టరమ్మగారు నాకంటే చిన్నావిడ, నింపాదిగా చెప్పారు.

"టీబీ అండీ. కంగారు పడకండి. రిఫాంపిసిన్ సెన్సిటివ్ అని వచ్చింది, అంటే మామూలు మందులకే లొంగుతుంది. ఆరు నెలలు వాడాలి."

"నాలుగు నెలల్లో తేలదాండీ? మా ప్రయాణం ఉంది."

"చీర కొనడానికి రాలేదు మీరు. ఆరు నెలలు. రోజూ."

"పోనీ రోజుకు రెట్టింపు వేసుకుంటే?"

ఆవిడ పెన్ను బల్ల మీద పెట్టారు. "రెట్టింపు వేసుకుంటే లివర్ పోతుంది. అప్పుడు ఏ ప్రయాణమూ ఉండదు."

సంస్థవాళ్లు కూడా ఫోన్లో మర్యాదగానే చెప్పారు. ఇప్పుడు బయల్దేరే జట్టుతో కాకుండా, కోర్సు పూర్తిచేసి డాక్టరు కాగితం తెస్తే తర్వాతి జట్టుతో వెళ్లొచ్చని. నేను సరేనన్నాను గాని, లోపల మొదటి జట్టు మీదే కన్ను. పిలిచినవాడు ఆలస్యం చేయిస్తాడా అని నాకు నేనే వాక్యాలు చూపించుకున్నాను.

మందులు మొదలయ్యాయి. మూత్రం నారింజ రంగులో వచ్చేది, కడుపులో తిప్పేది. నెల తిరిగేసరికి జ్వరం పోయింది. రెండో నెలాఖరుకి తెమడ నెగెటివ్. ఆకలి తిరిగొచ్చి, సువార్త వండిన చేపల పులుసు గిన్నె తుడిచి తిన్నాను.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ప్రభువు మేలు చేస్తే ఆదివారం అందరి ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి. అయ్యగారు పిలిచారు, లేచాను. "ప్రభువు నన్ను స్వస్థపరిచాడు. రిపోర్టులో ఏమీ లేదు" అన్నాను. చప్పట్లు. వెనక వరసలో ఒక ముసలమ్మ ఏడ్చేసింది. నా గొంతు నాకే ముచ్చటేసింది. ఇంటికొచ్చేసరికి సువార్త మాత్రలు, నీళ్లగ్లాసు పట్టుకుని నిలబడింది.

ఆ గ్లాసు నేను తీసుకోలేదు. గంట క్రితం సంఘమంతటి ముందు బాగైపోయిందని చెప్పి, ఇప్పుడు మందు మింగితే నేను చెప్పింది అబద్ధమైనట్టే కదా. దానికి తోడు కొట్టు బుద్ధి. ఆరు నెలలు అన్నది మొదట చెప్పే ధర. అసలు ధర మూడు ఉంటుంది, తెగింపు ఉన్నవాడికి రెండుకే వస్తుంది. జబ్బు పోయింది, ఇంకెందుకు?

"డాకటరమ్మ సెప్పింది ఆరు నెల్లు. మీ నోటికి రెండు ఎలగొచ్చింది?" అంది సువార్త.

"నీకు విశ్వాసం లేదా?"

నేను ఆడిన మాటల్లో అంత చవకబారు మాట ఇంకోటి లేదు. ఆమె గ్లాసు కింద పెట్టి లోపలికెళ్లిపోయింది. ఆ తర్వాత వారం రోజులు మందు ఊసెత్తలేదు. ఆసుపత్రి నుంచి టీబీ విభాగం అమ్మాయి ఫోన్ చేసి, "మాత్రలు ఏసుకుంతన్నారా బాబూ?" అంటే, "రోజూనమ్మా" అన్నాను. ఒకటి మాత్రం రాసుకోండి. అయ్యగారు మాత్రలు మానమని ఎప్పుడూ అనలేదు. ఆ ఆలోచన పూర్తిగా నా సొంత సరుకు.

ఆ నెగెటివ్ రిపోర్టు చూపిస్తే సంస్థవాళ్లు మొదటి జట్టుతోనే పంపేస్తారన్న ధీమాతో, మందులు మానేసిన రెండు నెలలూ ఇల్లిల్లూ తిరిగి వీడ్కోలు ప్రార్థనలు చేశాను. మధ్యలో దగ్గు మళ్లీ మొదలైంది. దుమ్ము అన్నాను, జీడిపిక్కలు కాల్చే పొగ అన్నాను. మాకవరపాలెంలో ఒకరింట్లో వాక్యం చెబుతుండగా దగ్గు ఆగలేదు. రుమాలు తీసి చూస్తే రక్తం. ఆ ఇంటివాళ్ల చంటిపిల్ల నా ఎదురుగానే కూర్చుని ఉంది. రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, ఆమెన్ కూడా చెప్పకుండా బయటికొచ్చేశాను.

మళ్లీ డాక్టరమ్మగారి ముందు కూర్చున్నాను. ఆవిడ కొత్త రిపోర్టును పాతదాని పక్కన పెట్టి చూశారు.

"మానేశారా?"

తలూపాను.

"రిఫాంపిసిన్ రెసిస్టెన్స్ వచ్చింది. ఎం.డి.ఆర్. టీబీ అంటాం. పాత మందులు ఇక పనిచేయవు. ఆరు నెలలు ఎక్కువన్నారు కదా, ఇప్పుడు ఏడాదిన్నర."

ఈసారి నేను తగ్గించమని అడగలేదు.

విశాఖ పెద్దాసుపత్రిలో చేర్చారు. గుండె మీద మందు ప్రభావం చూడ్డానికి ఈసీజీలు, రక్తపరీక్షలు, గుప్పెడు మాత్రలు. సువార్తకు, తమ్ముడి కుటుంబానికి, నేను ప్రార్థన చేసిన ఇళ్లవాళ్లకు కూడా పరీక్షలు చేయించాల్సి వచ్చింది. ఆ ఇళ్ల పేర్లు ఒక్కొక్కటే చెబుతుంటే, వీడ్కోలు చెప్పిన ఆ పేర్లతోనే ఇప్పుడు నేరం ఒప్పుకుంటున్నట్టు అనిపించింది.

ఇంటికి పంపాక అసలు కష్టం మొదలైంది. క్లోఫాజిమైన్ అనే మందుకు ఒళ్లు నల్లబడుతుందన్నారు. బొగ్గుల బస్తాలా తయారయ్యాను. గుర్తుపట్టని పాత ఖాతాదారు, "ఈ బాబు ఎవరు, మీ అన్నకి ఏటవుతాడు?" అని తమ్ముణ్ణే అడిగాడు. లినెజోలిడ్‌కు అరికాళ్లు తిమ్మిరెక్కి, తర్వాత మండి, తర్వాత చెప్పు జారిపోయినా తెలియని స్థితికి వచ్చాయి. రక్తం తగ్గింది. ఆ మందు కొన్నాళ్లు ఆపి, మళ్లీ తక్కువ మోతాదులో ఇచ్చారు. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంటే నిద్ర వచ్చేది, నిద్రపోదామంటే కాళ్లు మండేవి. పిలిచినవాణ్ణి నిందించే ఓపిక కూడా ఉండేది కాదు. మొదటి జట్టు విమానం ఎక్కిన రోజు వాళ్లు ఫొటో పంపారు. బాగుందని జవాబిచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఒక మధ్యాహ్నం మాత్రల గిన్నె తోసేశాను. "ఇంక నావల్ల కాదు" అన్నాను.

సువార్త మాస్కు సర్దుకుని మంచం పట్టె మీద కూర్చుంది. "ఈపాలి నన్ను ఇస్వాసం అడక్కండి. నోరు తెరండి."

తెరిచాను. అప్పట్నుంచి కోర్సు అయ్యేవరకూ ప్రతి మాత్రా ఆమె చూస్తుండగానే మింగాను.

అయ్యగారు వచ్చి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఒకసారి, "ఆ రోజు చప్పట్లు కొట్టించింది నేనే బ్రదర్. మందు వాడుతున్నావా అని ఒక్క మాట అడగాల్సింది" అన్నారు. ఇప్పుడు ఎవరైనా స్వస్థత సాక్ష్యానికి లేస్తే, "ముందు డాక్టరు గారేమన్నారో చెప్పమ్మా" అంటున్నారు. కొందరికి అది నచ్చడం లేదు.

కోర్సు పూర్తయింది. తెమడ పరీక్షలన్నీ వరసగా నెగెటివ్ వచ్చాయి. "మీకు టీబీ లేదు, వెళ్లిరండి" అన్నారు డాక్టరమ్మగారు. ఆ కాగితాలన్నీ సంస్థకు పంపాం. కొన్నాళ్లకు వాళ్ల పెద్దాయన ఫోన్ చేశారు. సువార్త కూడా వినాలని స్పీకరు పెట్టాను. ఊపిరితిత్తి అంత దెబ్బతిని, కాళ్లకు స్పర్శ లేని మనిషిని ఆసుపత్రికి అంత దూరంగా ఉన్న పల్లెకు పంపలేమన్నారు. ఆయన గొంతులో బాధ నిజమైనదే. నేను ఏదో అనబోతుంటే సువార్త ఫోను ముందుకు వంగింది.

"అయ్యగారండీ, నానొక్కదాన్నీ వొస్తే?"

"అలా పంపే పద్ధతి మాకు లేదమ్మా" అన్నారాయన.

"అలగేనండి. వందనాలు" అని, లేచి వెళ్లి కుట్టు మిషను ముందు కూర్చుంది. ఆమె నన్ను వదిలైనా వెళ్లడానికి సిద్ధపడిందని నాకు ఆ క్షణం దాకా తెలియదు. నేనెప్పుడూ నా పిలుపు, నా పిలుపు అంటూ వచ్చాను.

ఇప్పుడు తమ్ముడి కొట్లో స్టూలు మీద కూర్చుంటాను. ఎక్కువసేపు నిలబడలేను. పాట రెండు చరణాల దాకా వస్తుంది. "మన ఏజెన్సీ కొండలే నీకు జాంబియా అనుకో" అని చాలామంది ఓదారుస్తారు. అడిగిన గిన్నె లేనప్పుడు పక్కదాన్ని పొగిడి అంటగట్టడం నేను జీవితమంతా చేసిన పని. నాకు అది చెయ్యకండి.

మీలో ఎవరైనా మధ్యలో బాగైపోయినట్టనిపించి మందు మానాలనుకుంటే, మానే ముందు రోజు, ఆ మందు రాసిన డాక్టరు దగ్గరికి వెళ్లి ఆ మాట నోరు తెరిచి చెప్పండి. సాక్ష్యం చెప్పొద్దనను. కోర్సు అయ్యాక చెప్పండి. దేవుడికి తొందర లేదు, మనకే.

ఇక చివరి బిల్లు. మందులు ప్రభుత్వం ఉచితంగానే ఇచ్చింది గనక డబ్బు సంగతి పక్కన పెడుతున్నాను. కుడి ఊపిరితిత్తిలో పైభాగం పోయింది. రెండు అరికాళ్లు పోయాయి, ఉన్నా లేనట్టే. మాకవరపాలెం పిల్లకు గాని, పరీక్ష చేసిన ఇంకెవరికీ గాని ఇంతవరకు జబ్బు రాలేదు. దాన్ని నా వైపు జమ వేసుకోను, అందులో నా గొప్ప ఏమీ లేదు. నా పిలుపు పోయింది. అది నా వస్తువు, నా చేతుల్తో పారేసుకున్నాను, ఆ నష్టం నాది. సువార్త పిలుపు కూడా పోయింది. అది నాది కాదు. దాన్ని తిరిగి ఇవ్వగల స్తోమత నా దగ్గర లేదు, తగ్గించమని అడగడానికి నాకు నోరూ రాదు.