లావు గీత

బస్సు డిపోలో ఆయన్ని అందరూ దిక్సూచి అంటారు. పొగమంచు కమ్మినా, రోడ్డు తవ్వేసినా, వీధి దీపాలన్నీ ఒక్కసారే ఆరిపోయినా ఆయన బస్సు ఏ సందులోంచో దూరి చేరాల్సిన చోటికి చేరుతుంది. కొత్తగా చేరిన డ్రైవర్లు ఫోనులో దారి వెతుక్కుంటుంటే పక్కన నిలబడి నవ్వడం ఆయనకు మహా సరదా. "దారి అడిగేవాడికి స్టీరింగెందుకయ్యా?" అంటాడు. ఇన్నేళ్ళుగా తిరుగుతున్నది ఒకే రూటు కదా, అందులో తప్పిపోవడానికేముందని అడిగిన పుణ్యాత్ముడు లేడు. ఒక్కడు అడిగున్నా ఆయన ఇంత అవమానం పడేవాడు కాదు.

ఆయన భార్యకు ఒక తమ్ముడున్నాడు. ముప్పై దాటినా ఇంట్లో వాడు చిన్నోడే. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని. పనిలో ఎంత నెమ్మదో దారి విషయంలో అంత అయోమయమని ఇంట్లోవాళ్ళ మాట. చిన్నప్పుడు పాల ప్యాకెట్ తెమ్మని పంపిస్తే పక్కవీధిలో ఎవరింట్లోనో కూర్చుని టీవీ చూస్తూ దొరికాడట. పెద్దయ్యాక స్నేహితుడి పెళ్ళికని బయల్దేరి వేరేవాళ్ళ పెళ్ళిలో భోంచేసి వచ్చాడట. నలుగురు కూడినప్పుడల్లా ఈ రెండు కథలూ అత్తగారు చెప్పాల్సిందే, అందరూ కొత్తగా విన్నట్టు పడీపడీ నవ్వాల్సిందే. అందరికంటే గట్టిగా నవ్వేది బావగారు, అంటే మన డ్రైవరు.

అలాంటి చిన్నోడికి కొండల్లో సైకిలు తొక్కే పిచ్చి పట్టింది. ఉత్త తొక్కడమైతే ఎవరూ ఏమీ అనకపోదురు. వాడికి పట్టింది మ్యాపు చూసుకుంటూ తొక్కే పందెం. కొండ మీద అక్కడక్కడా జెండాలు పెడతారు. ఏ దారిన పోవాలో ఎవరూ చెప్పరు. బయల్దేరేటప్పుడు జతకొక మ్యాపు చేతిలో పెడతారు, అంతే. జెండాలన్నీ వరసగా వెతుక్కుని, ప్రతి జెండా దగ్గరా ఉన్న పెట్టెకు వేలికి తొడుక్కున్న చిప్పు తాకించి, వచ్చినట్టు గుర్తు పడేలా చూసుకుని, గడువులోగా తిరిగి రావాలి. పొద్దున్నే మొదలై సాయంత్రం దాకా సాగే పెద్ద పందెంలో ఇద్దరిద్దరు కలిసి పోవాలి, విడిపోతే ఆట చెల్లదు. ఏడాదిగా చిన్నోడు ఆదివారాలన్నీ సైకిలు క్లబ్బులో గడిపి మ్యాపు చదవడం నేర్చుకున్నాడు. ఆ ముచ్చట ఇంట్లో చెబితే వాళ్ళమ్మ, "ముందు ఇంటికి రావడం నేర్చుకోరా" అంది.

అందుకని వాడికి ఒకటే కోరిక. ఇంటిల్లిపాదీ నిలబడి చూస్తుండగా, గడువులోగా, ఆ గేటులోంచి లోపలికి రావాలి. ఇక పాల ప్యాకెట్ కథ ఎత్తడానికి ఎవరికీ నోరు రాకూడదు.

తీరా పందెం దగ్గరపడ్డాక వాడి జతగాడికి చెయ్యి బెణికింది. చిన్నోడు బావ దగ్గరికొచ్చాడు.

"కాళ్ళలో సత్తువున్న మనిషి కావాలి బావా. దారి సంగతి నేను చూసుకుంటా."

రోజూ డిపోకి సైకిలు మీదే వెళ్ళే మనిషాయన, సత్తువకేం లోటు? అయితే రెండో మాట దగ్గర ఆయనకు నవ్వాగలేదు. "నువ్వా? దారా?" అన్నాడు. నవ్వడం అయ్యాక సరేనన్నాడు.

పందెం రోజున అంతా మొదట్లోనే మెలికపడింది. మ్యాపు పెట్టుకోవడానికి హ్యాండిలుకు బిగించే గుండ్రటి పలక ఒకటుంటుంది. మనం ఎటు తిరిగితే దాన్ని అటు తిప్పుకోవచ్చు. చిన్నోడు ముచ్చటపడి కొనుక్కున్న పలక అది. దాన్ని చూడగానే బావగారికి చెయ్యి ఊరుకోలేదు.

"ముందు పోయేవాడి దగ్గరుండాలి గానీ వెనకొచ్చేవాడికెందుకురా? నా సైకిలుకి పెట్టు."

చిన్నోడు నసిగాడు. పక్కన అక్కా అమ్మా చూస్తున్నారు. "పెట్టరా, ఆయనకి తెలియని దారా?" అంది అమ్మ. వాడు పలక విప్పి బావ సైకిలుకు బిగించాడు.

అయినా పొద్దుటి పూటంతా బాగానే సాగింది. జెండా దగ్గర ఆగిన ప్రతిసారీ చిన్నోడు బావ భుజం మీదుగా వంగి, తర్వాతి దారి మొత్తం కళ్ళతో మింగేసి, వెనకనుంచి చెబుతూ వచ్చాడు. "వాగు దాటాక ఎడమ. రెండో బాట వదిలెయ్." వాడు చెప్పిన చోటే జెండా ఉండేది. బావగారేమో తనే కనిపెట్టినట్టు "చూశావా!" అనేవాడు. మధ్యాహ్నానికల్లా వాళ్ళ వెనక బోలెడు జతలున్నాయి. చిన్నోడి మొహం వెలిగిపోతోంది. ఇంకొక్క జెండా మిగిలింది, అది అయితే గేటే.

అక్కడొక చీలిక వచ్చింది. ఎడమకి సన్నటి కాలిబాట. కుడికి బస్సు పట్టేంత వెడల్పు దారి.

"ఎడమ బావా."

డ్రైవరు మ్యాపు చూశాడు. ఎడమవైపు వెంట్రుకంత గీత, కుడివైపు లావు గీత. జన్మంతా పెద్దరోడ్ల మీద బతికిన మనిషికి ఇందులో ఆలోచించడానికేముంది?

"కుడి. గీత ఎంత లావుగా ఉందో చూడు."

"లావే బావా, కానీ ముక్కలుముక్కలుగా ఉంది కదా. గీత తెగితెగి ఉంటే సైకిలు నడవదని. సన్నదే నయం, అది తెగకుండా ఉంది."

"గీతల సంగతి నాకు చెబుతావట్రా? ముందు పాల ప్యాకెట్ తేవడం నేర్చుకో" అని కుడికి తిప్పేశాడు. విడిపోతే ఆట చెల్లదు. చిన్నోడు కూడా కుడికి తిరిగాడు.

కాస్త దూరం పోగానే దారి బురదైంది. దుంగలు లాక్కెళ్ళే బండ్లు దున్నేసిన దారది. చక్రాలు ఇరుసుదాకా కూరుకుపోయాయి. దిగి నెట్టారు, తర్వాత భుజాన మోశారు. తను తప్పాడని డ్రైవరుకు అక్కడే అర్థమైంది. అప్పుడైనా వెనక్కి తిరిగుంటే గడువు దక్కేది. కానీ తిరిగితే ఒప్పుకున్నట్టే. "ఇదిగో, ఆ వంపు దాటితే అయిపోతుంది" అంటూ ఒక వంపు తర్వాత ఇంకో వంపుకు నడిచాడు. చిన్నోడు ఒక్కమాటా అనలేదు. తిట్టి ఉంటే బాగుండునని డ్రైవరుకు అనిపించింది.

గేటు దగ్గరికొచ్చేసరికి పందెం ముగిసిందని ఈల కూడా వేసేశారు. ఈల మెడలో వేసుకున్న ఆవిడ, "గడువు దాటిందండీ, లెక్కలోకి రాదు" అంది. పక్కనే భార్య, అత్తగారు. ఇద్దరూ మోకాళ్ళదాకా బురదతో నిలబడ్డ మగవాళ్ళను ఎగాదిగా చూశారు.

"ఇంకేముంది, మావాడు మళ్ళీ దారి తప్పించుంటాడు!" అంది అత్తగారు.

చిన్నోడు బావ వంక చూశాడు. ఒక్క క్షణం, అంతే. డ్రైవరు నోరు తెరిచాడు. చెప్పాల్సిన మాట నాలుక చివరే ఉంది. కానీ అందరూ నవ్వుతున్నారు, ఈలావిడ కూడా నవ్వుతోంది, ఆయనా అలవాటు కొద్దీ నవ్వేశాడు. చిన్నోడు తల దించుకుని సైకిలు చక్రం నుంచి బురద గీకడం మొదలుపెట్టాడు.

ఆ నవ్వు తర్వాత ఆయనకు అన్నం సయించలేదు. బస్సు నడుపుతుంటే అద్దంలో తన మొహం తనకే ఎబ్బెట్టుగా కనిపించేది. డిపోలో ఎవరైనా "దిక్సూచీ!" అని పిలిస్తే చెంప మీద కొట్టినట్టుండేది. పాతికేళ్ళ సర్వీసులో యాక్సిడెంట్ చెయ్యలేదని గొప్పలు పోయిన మనిషి, ఒక మనిషిని తొక్కేసి దిగి చూడకుండా వచ్చేశాడు. అలాగే అనుకున్నాడు, అది నిజమే.

తర్వాతి ఆదివారం చిన్నోడు భోజనానికి వచ్చాడు. అత్తగారు కొత్త కథ మొదలుపెట్టింది. పాల ప్యాకెట్, పెళ్ళి, ఇప్పుడు బురద. సగంలోనే డ్రైవరు అడ్డుపడ్డాడు.

"అత్తయ్యా, తప్పు వాడిది కాదు. వాడు ఎడమన్నాడు. నేనే వినకుండా కుడికి తిప్పాను."

అత్తగారి కళ్ళు చెమర్చాయి.

"చూడవే, బామ్మర్దిని ఎలా వెనకేసుకొస్తున్నారో! ఇలాంటి అల్లుడు ఎంతమందికి దొరుకుతాడు?"

"మీరు మరీనండీ. మీరు దారి తప్పడమేంటి?" అంది భార్య, గర్వంగా.

డ్రైవరు లేచి వెళ్ళి, ఎండి అట్టలా బిగుసుకుపోయిన మ్యాపు తెచ్చి బల్ల మీద పరిచాడు. "ఇదిగో, ఈ లావు గీత చూడండి. ఇక్కడే." భార్య చూసింది, అత్తగారు చూసింది. వాళ్ళకు అవి గీతలే. ఇంట్లో ఆ మ్యాపు చదవగలిగినవాడు ఒక్కడే.

"ఏరా, మీ బావ చెప్పేది నిజమేనా?" అని అడిగింది అక్క.

చిన్నోడు మ్యాపు వంక చాలాసేపు చూశాడు. "ఏమో అక్కా. గుర్తులేదు."

"విన్నారా! ఏ దారిన పోయాడో కూడా గుర్తులేదట!" అని అత్తగారు పగలబడి నవ్వింది. డ్రైవరు సిగ్గుతో చచ్చిపోయాడు.

భోజనాలయ్యాక చిన్నోడు పెరట్లోకి వెళ్ళి బావ సైకిలు పక్కన కూర్చున్నాడు. జేబులోంచి పానా తీసి పలక విప్పసాగాడు. డ్రైవరు వెనకే వచ్చాడు.

"ఎందుకలా అన్నావురా? నిజమని ఒక్కమాట చెబితే అయిపోయేదిగా."

"గేటు దగ్గర నువ్వు చెప్పుంటే అయిపోయేది బావా." వాడి గొంతులో కోపం లేదు. "ఇప్పుడు నేను అవునంటే, నువ్వు నన్ను కాపాడబోతే ఆ మాట పట్టుకుని తప్పు నీ మీదికి తోశానంటారు. వాళ్ళకి నువ్వు ఇంకా మంచోడివవుతావు. నేను ఇంకా కిందికి పోతాను."

"వచ్చేసారి పోదాంరా. పలక నీ దగ్గరే ఉంచుకో. నువ్వెటంటే అటే వస్తా" అన్నాడు డ్రైవరు.

"వచ్చేసారి పోతున్నా బావా. ఆ చెయ్యి బెణికినతనితో."

మర బిగుసుకుపోయింది, పానా జారుతోంది. హ్యాండిలు అటూఇటూ ఊగుతుంటే చిన్నోడికి పని కుదరడం లేదు. డ్రైవరు వంగి, వాడు పలక విప్పుకునేదాకా సైకిలు కదలకుండా పట్టుకున్నాడు.