పరుపుల పిన్ని చెప్పిన అభిప్రాయం

పోయిన శుక్రవారం పొద్దున్నే శీను ఫోన్ చేశాడు. "పిన్ని పోయింది. మధ్యాహ్నం నమాజయ్యాక తీసుకెళ్తారు, రా" అన్నాడు. రెండేళ్లుగా ఆవిడకు ఆయాసం ముదిరింది. చలి మొదలైనప్పుడల్లా ఈ ఫోన్ వస్తుందేమో అనుకుంటూనే ఉన్నాను.

శీను ఆవిడ కొడుకు కాదు, కొడుకు స్నేహితుడు. కుడికాలు సరిగా మడవలేడు. అయినా జనాజాకు భుజం పట్టాడు. అతని వైపు పాడె కొంచెం ఊగుతూ సాగింది. తప్పుకోమని ఎవరూ అనలేదు. మసీదు పెద్దలే అతని నడకకు తగ్గట్టు నెమ్మదించారు. బయటివాళ్ళకు ఇందులో విశేషమేమీ కనపడదు. కానీ ఆరేళ్ల కిందట ఇదే అద్దంకిలో అతను వీధిలో నడుస్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి లోపలికి పోయేవారు. మధ్యలో ఏం జరిగిందో తెలిసినవాళ్ళలో నేనొకణ్ణి. ఆ తప్పులో కొంత భాగం నాది కూడా. అందుకే ఇది రాస్తున్నాను.

మా వీధి చివర రేకుల షెడ్డులో ఆవిడ పరుపులు కుట్టేది. భర్త బతికున్నన్నాళ్ళూ దూది ఏకే పని ఆయనది, కుట్టే పని ఈవిడది. ఆయన పోయాక రెండూ ఆవిడే చేసుకుంది. జుట్టులో, కనుబొమ్మల్లో ఎప్పుడూ దూది పింజలుండేవి. ఊళ్ళో పెళ్లి కుదిరిందంటే బంగారం కొట్టుకు వెళ్ళినవాళ్ళే ఆ తర్వాత ఈ షెడ్డుకూ వచ్చేవారు. పరుపు నింపాక మూతి కుట్టేముందు వాళ్ళను దగ్గరికి పిలిచేది. "చెయ్యి పెట్టి చూసుకోండి. కుట్టేశాక లోపల మిల్లు చెత్త ఉందని అనబాకండి" అనేది. చాలామంది మొహమాటపడి చెయ్యి పెట్టేవారు కాదు. వాళ్ళ చెయ్యి పట్టుకుని తనే లోపల పెట్టించేది.

ఆవిడ ఒక్కగానొక్క కొడుకు మస్తాన్. ఇంటర్ తప్పాడు. పని నేర్చుకోరా అంటే దూది పడదని తుమ్ములు నటించేవాడు. కానీ మైకు చేతికిస్తే వేరే మనిషి. ర్యాప్ అనే మాట అప్పటికి మా ఊళ్ళో కాలేజీ పిల్లలకే తెలుసు, మిగతావాళ్ళు గబగబ పాట అనేవారు. ఎక్కడో ఇంగ్లీషు క్యాసెట్టు విని ఆ ఊపు పట్టుకున్నాడు. మాటలు మాత్రం పూర్తిగా మనవే. పత్తి పురుగు, కల్తీ మందులు, కండక్టరు ఇవ్వని చిల్లర, అన్నీ పాటలో పడిపోయేవి.

"మిరప తోటకు మందు కొడితే పురుగు నవ్వి పోయింది, మందు కొట్టుకు పోయి అడిగితే కొట్టే ఎగిరి పోయింది" అని అందుకుంటే ట్రాక్టర్ల మీద కూర్చున్న రైతులు ఈలలు వేసేవారు. పక్కన శీను రిథమ్ ప్యాడ్ వాయించేవాడు. శీనుకు బస్టాండు దగ్గర టేపు రికార్డర్లు బాగుచేసే బంకు ఉండేది. ఇద్దరూ కలిసి ఒక క్యాసెట్టు తెచ్చారు. దర్శి నుంచి ప్రత్తిపాడు దాకా తిరునాళ్ళకూ ఉరుసులకూ వాళ్ళను పిలిచేవారు. కాలేజీ పిల్లలు బ్యానరు మీద 'మన ర్యాప్ స్టార్' అని రాయించారు.

ఆ పాటల మీద తల్లి అభిప్రాయం వేరు. "మధ్యలో ఊపిరి పీల్చుకోరా. ఎవరు తరుముతున్నారని ఆ పరుగు?" అనేది. అన్నా ప్రతి పాటా విన్నది.

దర్శిలో ప్రోగ్రాం చేసుకుని మోటారుసైకిలు మీద తిరిగొస్తూ ఇద్దరూ రోడ్డు పక్క కల్వర్టును గుద్దుకున్నారు. మస్తాన్ అక్కడే పోయాడు. శీనుకు తొడ ఎముక విరిగింది. బండి శీనుది. ఆసుపత్రిలో పోలీసులు అడిగితే "నేనే నడిపాను" అన్నాడు. కేసు పెట్టారు. ఊరు కొన్నాళ్ళు గుసగుసలాడి ఊరుకుంది.

నేనప్పుడు ఊళ్ళో కేబుల్ చానల్లో పనిచేసేవాణ్ణి. కెమెరా నాదే, రాత నాదే, ఆదివారాలు ఫోన్ కార్యక్రమం నడిపేదీ నేనే. మస్తాన్ పోయి ఏడాది కావస్తుంటే అతని మీద ఒక డాక్యుమెంటరీ చేద్దామన్నాడు మా ఓనరు. పాత పెళ్లి వీడియోల్లో, తిరునాళ్ళ క్యాసెట్లలో ఉన్న పాటలన్నీ ఏరాను. పిన్నిని షెడ్డులో కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పించాను. శీనును అడిగితే రానన్నాడు. చివర్లో కల్వర్టును చూపిస్తూ నేనొక వాక్యం చదివాను: 'స్నేహితుడి చేతిలోని హ్యాండిలు ఒక గొంతును శాశ్వతంగా ఆపేసింది.' రాసినప్పుడు ఆ వాక్యం నాకు చాలా నచ్చింది.

మరుసటి ఆదివారం ప్రేక్షకుల అభిప్రాయాల కార్యక్రమం పెట్టాం. ఎరువుల కొట్టు మేడ మీద చిన్న గది, నీలం గుడ్డ, ఒక బల్ల, ఒక ఫోను, అదే మా స్టూడియో. మొదటి ఫోన్లు మామూలుగానే వచ్చాయి. ఒకావిడ తమ వీధి చూపించి తమ ఇల్లు ఒక్కటీ వదిలేశామని నిష్ఠూరమాడింది. రిటైరైన మాస్టారొకాయన కుర్రాడి దగ్గర పస ఉంది గానీ తిట్లు తగ్గించాల్సింది అన్నారు. ఇంకొకాయన "అదీ ఒక పాటేనా, దానికో సినిమానా!" అని పెట్టేశాడు. ఆ తర్వాత ఒక కుర్రాడు లైన్లోకి వచ్చాడు.

"అన్నా, అంతా బాగుంది. ఆ తోలినోణ్ణి ఎందుకు చూపించలేదు?"

నేను ఏదో సర్దిచెప్పాను. తర్వాతి ఫోనూ అదే, ఆపైదీ అదే. "మన స్టార్‌ని చంపినోడు బస్టాండులో బంకు పెట్టుకు కూర్చుంటే ఊరంతా గాజులు తొడుక్కుందా?" అన్నాడొకడు. ఓనరు తలుపు దగ్గర నుంచి కానివ్వమని చేత్తో సైగ చేశాడు. ఫోన్లు ఆగకుండా వస్తున్నాయి కదా. నేను కానిచ్చాను.

మంగళవారానికి శీను బంకును బోర్లా పడేశారు. రేకు మీద తారుతో 'హంతకుడు' అని రాశారు. పిల్లనిస్తామన్న వాళ్ళు మాట వెనక్కి తీసుకున్నారు. శీను విరిగిన టేపు రికార్డర్లు గోతంలో ఎత్తుకుని ఇంటికి పోయాడు.

ఆ మరుసటి ఆదివారం కార్యక్రమం మధ్యలో మెట్ల మీద ఎవరో దగ్గుతున్న చప్పుడు వినిపించింది. తలుపు తోసుకుని పిన్ని వచ్చింది. ఆయాసం తీర్చుకోవడానికి గోడ పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత వచ్చి నా ఎదుటి కుర్చీలో కూర్చుంది.

"ఇది అందరికీ కనపడుతుందా ఇప్పుడు?" అని అడిగింది.

కనపడుతోందన్నాను.

"నేను మస్తాను తల్లిని. అందరూ అభిప్రాయం చెబుతున్నారు గదా, నేనూ చెప్పడానికొచ్చా. బండి శీను తోల్లేదు. మావాడే తోలాడు. తాగి తోలాడు."

ఫోను మోగుతోంది. నేను ఎత్తలేదు.

"మీకెలా తెలుసండీ?" అన్నాను. కెమెరా ముందు కాబట్టి అలా అన్నాను. పుట్టి బుద్ధెరిగాక ఆవిడను నేను మీరు అనడం అదే మొదలు.

"మూడోనాడు లారీ డ్రైవరొకాయన ఇంటికొచ్చాడు. మావాడి చెప్పులు తెచ్చిచ్చాడు. ఆ బండి ఆయన లారీని దాటుకుని పోయిందంట. ముందు కూర్చుంది ఎర్ర చొక్కా కుర్రోడనీ, పడ్డాక దగ్గరికెళ్తే మందు వాసన కొట్టిందనీ ఆయనే చెప్పాడు. ఆ ఎర్ర చొక్కా కుట్టింది నేను. గుండీలు పెట్టింది నేను." ఆగి గుక్క తిప్పుకుంది. "ఏడాదిగా నాకు తెలుసు. చెబితే నా కొడుకును తాగుబోతంటారని నోరు మూసుకున్నా. ఆ పిల్లోడు నా కొడుకు వల్ల కాలు పోగొట్టుకున్నాడు, నా కోసం అబద్ధమాడి బంకూ పోగొట్టుకున్నాడు. వాణ్ణి తిట్టేవాళ్ళు ముందు నన్ను తిట్టండి. నా అభిప్రాయం ఇదే."

లేచి నిలబడింది. వెళ్ళబోతూ నా వైపు తిరిగి, "ఆ హ్యాండిలు ముక్క ఎవరు రాశారు?" అంది.

"నేనే పిన్నీ."

"బాగా రాశావు. తీసెయ్."

తీసేశాను. ఆ చోట ఆవిడ ఆ రోజు చెప్పింది పెట్టి మళ్ళీ వేశాం. ఓనరు ముందు గునిసినా తర్వాత ఒప్పుకున్నాడు.

అప్పుడు అభిప్రాయాలన్నీ ఆవిడ మీదికి మళ్ళాయి. కన్నతల్లే కొడుకు పరువు తీసిందన్నారు. శీను తరఫువాళ్ళు ఏదో ఆశ చూపించి ఉంటారన్నారు. ఉత్తరాలొచ్చాయి. ఆవిడకు చదవడం రాదు. సాయంత్రాలు షెడ్డుకు వెళ్ళి నేనే చదివి వినిపించేవాణ్ణి. మొదటి రోజు తిట్లున్న కార్డులు అడుగున పెట్టి మంచివి పైకి తీశాను. ఆవిడ కనిపెట్టేసింది.

"దాచబాకు. వరసన చదువు."

వరసన చదివాను. దబ్బనంతో పరుపు అంచు కుట్టుకుంటూ వింది. దర్శి నుంచి ఒక తల్లి, మీ మాట విని మావాడి బండి తాళం దాచేశానమ్మా అని రాసింది. "దాస్తే ఆగుతాడా వాడు?" అని నవ్వింది. ఆ నవ్వు దగ్గులోకి దిగింది.

శీను మాత్రం కోపంగా వచ్చాడు. నేనక్కడే ఉన్నాను. కర్రను గుమ్మానికి ఆనించి లోపలికి కూడా రాకుండా అరిచాడు.

"నేనడిగానా నిన్ను? వాడి పేరు ఎందుకు పాడుచేశావు?"

"నువ్వడగలేదురా. అందుకే నాకు ఏడాది పట్టింది."

"పోయినోడు పోయాడు గదా పిన్నీ. ఇప్పుడు దేనికది?"

"వాడు పోయాడు. నువ్వున్నావు గదరా" అంది. తర్వాత, "లోపలికి రా, అన్నం తిందువు గాని" అంది. శీను కర్ర అందుకుని లోపలికి వచ్చి తిన్నాడు.

కేసు మాత్రం టీవీలో చెప్పినంత మాత్రాన పోలేదు. బండి దాటిపోవడం చూసిన మనిషి వచ్చి చెప్పాలన్నాడు వకీలు. ఆ డ్రైవరు పేరు ఆవిడకు తెలీదు. గుంటూరు యార్డుకు మిరపకాయలు తోలతాడని, ఎడమ చెవికి కమ్మ ఉంటుందని మాత్రం గుర్తు. ఆ రెండు గుర్తులు పట్టుకుని గుంటూరు బస్సెక్కింది. మొదటిసారి ఒంటరిగా వెళ్ళి ఉత్త చేతులతో వచ్చింది. రెండోసారి నన్ను రమ్మంది.

సీజను నడుస్తోంది. యార్డు గేటు బయట లారీలు బారులు తీరి ఉన్నాయి. గాలి పీలిస్తే ముక్కు మండుతోంది. దిట్టంగా ఉన్న హమాలీలే ముఖానికి తువ్వాళ్ళు చుట్టుకుని తిరుగుతున్నారు. పిన్ని చీర కొంగు తడిపి ముక్కుకు అడ్డం పెట్టుకుని ప్రతి లారీ క్యాబిన్ దగ్గరా మెడ ఎత్తి చూసింది. దగ్గు తెర వచ్చినప్పుడల్లా టైరుకు ఆనుకుని, అది తగ్గాక మళ్ళీ నడిచింది. నేను వెనక్కి పోదామన్నాను. "నువ్వు పోయి టీ తాగిరా" అంది. ఆ రోజూ దొరకలేదు. మూడోసారి శీనుకు తెలిసి తనూ వెంటపడ్డాడు. ఆ రోజు దొరికాడు. ఆ డ్రైవరు మంచివాడు, రెండు వాయిదాలకూ వచ్చి చూసింది చూసినట్టు చెప్పాడు. కేసు కొట్టేశారు. పిన్ని ఊపిరి మాత్రం ఆ సీజను తర్వాత మునుపటిలా లేదు. డాక్టరు దూది అన్నాడు, వయసు అన్నాడు. ఆవిడ కూడా అదే అంది.

శీను మళ్ళీ బంకు పెట్టాడు, ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నాడు. పెళ్లయింది. రోజూ ఒక పూట పిన్ని దగ్గర కాసేపు కూర్చుని వెళ్ళేవాడు. వాళ్ళిద్దరూ మస్తాన్ గురించి మాట్లాడుకోవడం నేను పెద్దగా వినలేదు. కరెంటు పోయిందనీ, కూరలో ఉప్పు ఎక్కువైందనీ, ఇవే మాట్లాడుకునేవారు.

కిందటి ఎండాకాలం ఒక ఆదివారం మా ఇంట్లో దిండ్లకు బూరుగు దూది మార్చి తెచ్చిచ్చింది. టీవీలో ఏదో ఇంగ్లీషు చానలు పెట్టి ఉంది. అమెరికాలో ఎవరో కాల్చి చంపిన నల్లజాతి ర్యాప్ గాయకుడి మీద డాక్యుమెంటరీ. చూసినవాళ్ళు తలా ఒక మాట చెబుతున్నారు. పిన్ని దిండ్లు మంచం మీద పెట్టి నిలబడిపోయింది. ఆ గబగబ పాట ఆవిడ చెవికి తెలిసిన వరసే. నేను చానలు మార్చబోతే వద్దంది.

అంతలో తెర మీదికి ఒక పెద్దావిడ వచ్చింది. తలకు గుడ్డ కట్టుకుంది. నెమ్మదిగా మాట్లాడుతోంది.

"ఎవరా మనిషి?"

"చనిపోయినతని తల్లి, పిన్నీ."

"ఏమంటోంది?"

నా ఇంగ్లీషు అంతంతమాత్రం. "కొడుకు గురించి చెప్తోంది" అన్నాను.

"అది తెలుస్తానే ఉంది. మంచి చెప్తోందా, ఉన్నది చెప్తోందా?"

నాకు తెలియలేదు. తెలియలేదనే చెప్పాను. పిన్ని స్టూలు టీవీ దగ్గరికి లాక్కుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. భాష తెలియని ఆ తల్లి పెదాలనే చూస్తూ, మధ్య మధ్య తల ఊపుతూ, ఆవిడ మాట ముగిసేదాకా అలాగే ఉంది.